కారులో కచేరీ... తలుపు దగ్గర మొదలు!

కొత్త కారు ఇంటికొచ్చిన రోజు గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ తరవాత ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చోగానే ఎవరో ఒకరు అనే మాట ఒక్కటే... 'పాటలు పెట్టండి!'

అదేంటోగానీ, ఇంట్లో చిన్న స్పీకర్లో కూడా హాయిగా వినిపించిన పాట, లక్షలు పోసి కొన్న కారులో పేలవంగా ఉంటుంది. 'ధుమ్' అనాల్సిన తబలా 'టప్' అంటుంది. బండి 80 కిలోమీటర్ల వేగం అందుకుందంటే చరణం కాస్తా టైర్ల రొదలో కలిసిపోతుంది. సౌండు పెంచామా... తలుపులు జిర్రుమంటూ వణుకుతాయి. వెనక సీట్లోంచి నానమ్మ 'కాస్త తగ్గించరా నాయనా, చెవులు పోతున్నాయి' అంటుంది. తగ్గిస్తే మళ్లీ మాటలు అర్థం కావు.

ఇక లాభంలేదని ఓ ఆదివారం కార్ డెకార్ షాపుకి వెళ్తాం. షాపాయన మన కారు వంక ఓసారి చూసి, డిక్కీలో సగం ఆక్రమించే పెద్ద పెట్టె తెచ్చి ముందు పెడతాడు. దానిమీద మెరిసే అక్షరాలతో '1000 వాట్లు' అని రాసి ఉంటుంది. 'ఇది పెట్టించండి సార్, కారు దద్దరిల్లిపోద్ది' అంటాడు.

నిజమే, దద్దరిల్లుతుంది. కానీ దద్దరిల్లడం వేరు, పాట బాగా వినిపించడం వేరు. ఈ రెండింటికీ మధ్య తేడా తెలియకపోతే డబ్బూ పోతుంది, డిక్కీ పోతుంది, ఒక్కోసారి చెవులూ పోతాయి. తెలిస్తే మాత్రం పెద్దగా ఖర్చు లేకుండానే కారులో కచేరీ పెట్టుకోవచ్చు. దానికి ఓ వరుస ఉంది. ఆ వరుస మొదలయ్యేది డిక్కీలో కాదు, ముందు తలుపుల దగ్గర!

అమెరికాలో మొదలై...

కారులో పాటలు వినాలన్న సరదా ఈనాటిది కాదు. 1930లో అమెరికాకి చెందిన పాల్ గాల్విన్ అనే వ్యాపారి తన స్టూడ్‌బేకర్ కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్లాడు. లోపల స్టాలు పెట్టుకునే స్తోమత లేక కారుని బయటే నిలబెట్టి రేడియో మోగించాడు. ఆర్డర్లు వచ్చాయి. 'మోటార్' అన్న మాటకి అప్పట్లో గ్రామఫోన్ల పేర్ల చివర వినిపించే 'ఓలా' తగిలించి దానికి 'మోటరోలా' అని పేరు పెట్టాడు. తరవాత కంపెనీ పేరే అదయిపోయింది. రెండేళ్లకి, 1932లో, జర్మనీకి చెందిన బ్లాపుంక్ట్ యూరప్‌లో కారు రేడియో తెచ్చింది. రేడియో వింటే డ్రైవరు ధ్యాస మళ్లుతుందంటూ అమెరికాలో కొన్నిచోట్ల దాన్ని నిషేధించాలన్న ప్రతిపాదనలు కూడా అప్పట్లోనే వచ్చాయి.

1956 మోడల్ కార్లలో క్రైస్లర్ కంపెనీ ఏకంగా గ్రామఫోన్‌నే అమర్చింది. ప్రత్యేకంగా తయారుచేసిన చిన్న రికార్డులు మాత్రమే అందులో మోగేవి. కొన్నేళ్లకే అది మూలనపడింది. 1965లో ఫోర్డ్ కార్లలోకి ఎయిట్‌ట్రాక్ టేపులు వచ్చాయి. ఆ తరవాత క్యాసెట్ల రాజ్యం. 1984లో పయనీర్, సోనీ కంపెనీలు కార్లలో సీడీ ప్లేయర్లు ప్రవేశపెట్టాయి. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కాక మధ్యతరగతి ఇళ్లకి కారు, కారుతోపాటు బయట షాపులో బిగించుకునే టేప్‌రికార్డరూ అలవాటయ్యాయి. వెనక అద్దం కింద రెండు స్పీకర్లు, డ్యాష్‌బోర్డు అరలో క్యాసెట్ల గుట్ట... ఆ రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఈ చరిత్రలో మనకి పనికొచ్చే మలుపు ఒకటుంది. అమర్ బోస్ అనే ఆచార్యుడు అమెరికాలోని ఎంఐటీలో పాఠాలు చెప్పేవారు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి వెళ్లిన స్వాతంత్య్ర సమరయోధుడు. అమర్ బోస్ స్థాపించిన కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ క్యాడిలాక్ సెవిల్ లాంటి కార్లకి సౌండ్ సిస్టమ్ తయారుచేసింది. అప్పటిదాకా స్పీకరు ఎక్కడ చోటుంటే అక్కడ బిగించేసేవారు. బోస్ బృందం అలా కాకుండా ఆ కారు లోపలి ఆకారం, సీట్లు, అద్దాలు అన్నిటినీ లెక్కలోకి తీసుకుని, ఆ కారుకే సరిపోయేలా సిస్టమ్‌ని రూపొందించింది. పాట బాగుండాలంటే స్పీకరొక్కటే బాగుంటే చాలదు, అది కూర్చున్న చోటు కూడా బాగుండాలన్నమాట. మన చిన్న కారుకీ ఆ సూత్రమే వర్తిస్తుంది.

వాట్ల మాయ

షాపులో మనల్ని పడేసే మొదటి మాట 'వాట్లు'. పెట్టె మీద 1000 అనో 2000 అనో పెద్ద అంకె ఉంటుంది. అది ఆ పరికరం కన్నుమూసి తెరిచేంతలో తట్టుకోగల గరిష్ఠ శక్తి. దాన్ని 'పీక్' అంటారు. నిలకడగా ఎంత ఇస్తుందో చెప్పేది 'ఆర్ఎంఎస్' అనే అంకె. అది చిన్న అక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. మనం చూడాల్సింది దాన్నే. చాలా స్టీరియోల మీద '50 వాట్లు ఇంటూ 4' అని రాసి ఉంటుంది. కానీ అవి ఒక్కో స్పీకరుకి నిలకడగా ఇచ్చేది 15 నుంచి 20 వాట్లే.

మరో కిటుకు చూడండి. వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు. 50 వాట్ల చోట 100 వాట్లు పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. మన చెవికి 'రెండింతలు పెరిగింది' అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే 50 వాట్ల చోట 500 వాట్లు కావాలి!

అందుకే స్పీకరు కొనేటప్పుడు 'సెన్సిటివిటీ' అనే అంకె అడగాలి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో అది చెబుతుంది. 86 ఉన్న స్పీకరు కన్నా 92 ఉన్న స్పీకరు నాలుగోవంతు కరెంటుతోనే అంతే శబ్దం ఇస్తుంది. కారులో ఇప్పుడున్న స్టీరియోనే ఉంచి స్పీకర్లు మాత్రమే మార్చాలనుకునేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 90కి పైన ఉన్నవి చూసుకుంటే మంచిది. స్పీకరు 'ఓమ్‌లు' కూడా చూడాలి. కార్లలో ఎక్కువగా వాడేది 4 ఓమ్‌లది. స్టీరియోకి సరిపడనంత తక్కువ ఓమ్‌లది తగిలిస్తే అది వేడెక్కి పాడవుతుంది.

తలుపే స్పీకరు పెట్టె

ఇంట్లో స్పీకరు ఎప్పుడూ చెక్కపెట్టెలోనే ఉంటుంది. ఎందుకు? స్పీకరు పొర ముందుకి కదిలినప్పుడు ముందువైపు గాలి ఒత్తిడి పెరుగుతుంది, వెనకవైపు తగ్గుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కలుసుకుంటే ఒకటి రెండోదాన్ని చెరిపేస్తుంది. ముఖ్యంగా బేసు మాయమవుతుంది. వెనకవైపు గాలి ముందుకి రాకుండా పెట్టె అడ్డుపడుతుంది. పెట్టెలోంచి తీసి చేత్తో పట్టుకుని మోగిస్తే ఎంత మంచి స్పీకరైనా తేలిపోయినట్టే ఉంటుంది.

మరి కారులో ఆ పెట్టె ఏది? తలుపే! కానీ అది పల్చటి రేకు. దానినిండా రంధ్రాలు. అద్దం దింపే మోటారు, తీగలు, తాళం కడ్డీలు... అన్నీ అందులోనే. కాబట్టి స్పీకరు మోగితే రేకు వణుకుతుంది, గాలి రంధ్రాల్లోంచి ఇవతలికి వచ్చేసి బేసుని మింగేస్తుంది. పదివేలు పెట్టి స్పీకర్లు కొన్నా తేడా తెలియట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

దీనికి మందు 'డ్యాంపింగ్ షీట్'. ఒకవైపు జిగురుండే బ్యూటైల్ రబ్బరు, పైన పల్చటి అల్యూమినియం పొర ఉంటాయి. తలుపు లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పి, బయటి రేకుకి దీన్ని అతికించి రోలరుతో గట్టిగా అదుముతారు. తరవాత లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాల్ని కూడా మూస్తారు. బయటి రేకు మొత్తం కప్పాల్సిన పనిలేదు, మధ్యభాగంలో వేసినా వణుకు చాలావరకూ తగ్గుతుంది. ఇంతకుముందు రేకు డబ్బాలా చప్పుడు చేసిన తలుపు ఇప్పుడు వేస్తే 'ధప్' అని మెత్తగా పడుతుంది. టైర్ల రొద కూడా కొంత తగ్గుతుంది. రొద తగ్గిందంటే... సౌండు అంత పెంచాల్సిన అవసరమే ఉండదు!

ఇక్కడ రెండు జాగ్రత్తలు. వాన పడినప్పుడు అద్దం పక్కనుంచి నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. అవి పోవడానికి అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని మూసేస్తే తలుపు తుప్పుపట్టిపోతుంది. రెండోది, చవగ్గా వస్తుందని తారు షీట్లు వేయించుకోవద్దు. మన ఎండలకి అవి మెత్తబడి జారిపోతాయి, కారంతా తారు వాసనే.

పైసా ఖర్చు లేకుండా...

షాపుకి వెళ్లేముందు ఇంటి దగ్గరే కొన్ని పరీక్షలు చేసుకోవచ్చు. మచ్చుకి...

* సెట్టింగుల్లోకి వెళ్లి బేసు, ట్రెబుల్ రెండూ సున్నా దగ్గర పెట్టండి. 'లౌడ్‌నెస్' ఆపేయండి. అక్కణ్నుంచి ఒక్కో మెట్టే పెంచి చూడండి. చాలా కార్లలో అన్నీ చివరిదాకా పెంచేసి ఉండటమే అసలు రోగం.

* ఫోన్‌లోని పాటల యాప్‌లో క్వాలిటీని చూడండి. డేటా ఆదా కోసం 'తక్కువ' దగ్గర ఉంటే ఎంత ఖరీదైన స్పీకరూ ఏమీ చేయలేదు. అసలు ఫైల్లోనే లేని స్వరాన్ని స్పీకరు పుట్టించలేదు కదా. ఒకే పాటని బ్లూటూత్‌లో ఓసారి, కేబుల్ పెట్టి ఓసారి విని చూడండి.

* బ్యాలెన్స్ మధ్యలో ఉన్నప్పుడు బేసు పల్చగా ఉండి, ఒక పక్కకి జరిపితే పెరుగుతోందా? అయితే ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయన్నమాట. సరిచేస్తే చాలు.

* తలుపు అరల్లో చిల్లర నాణేలు, సీసాలు, తాళాలు తీసేయండి. వెనక నంబరు ప్లేటు వణుకుతుంటే దాని వెనక సన్నటి ఫోమ్ పెట్టండి. 'స్పీకరు చిరిగిపోయింది' అనుకున్న చప్పుడు ఒక్కోసారి నంబరు ప్లేటుదే అయ్యుంటుంది.

ఏది ముందు? ఏది తరవాత?

ఇన్ని చేసినా తృప్తి కలగకపోతే అప్పుడు డబ్బు తీయొచ్చు. వరుస మాత్రం తప్పొద్దు.

మొదట ముందు తలుపుల స్పీకర్లు. కచేరీలో మనం ఎప్పుడూ వేదిక వైపు తిరిగి కూర్చుంటాం, పాట ఎదురుగా వస్తుంది. కారులోనూ అంతే. బడ్జెట్ తక్కువుంటే మొత్తం ముందు స్పీకర్ల మీదే పెట్టాలి. వెనకవి తరవాత చూసుకోవచ్చు. వీటిలో రెండు రకాలు. 'కోయాక్సియల్'లో పెద్ద స్పీకరు మధ్యలోనే చిన్న ట్వీటరు ఉంటుంది. బిగించడం తేలిక, ధర తక్కువ. 'కాంపొనెంట్'లో ట్వీటరు విడిగా వస్తుంది. దాన్ని అద్దం దగ్గరో డ్యాష్‌బోర్డు మీదో పెడతారు. చెవికి దగ్గరగా, ఎత్తులో ఉంటుంది కాబట్టి గొంతు మోకాళ్ల దగ్గర్నుంచి కాకుండా ఎదురుగా ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తుంది. చాలా కార్ల ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల స్పీకరు పడుతుంది. కొన్నిట్లో అంతకన్నా చిన్నదే పడుతుంది. చుట్టుకొలత ఒక్కటే కాదు, లోతు కూడా కొలిపించండి. లోతు ఎక్కువైతే అద్దం కిందికి దిగినప్పుడు స్పీకరు వెనక అయస్కాంతానికి తగులుతుంది.

స్పీకర్లతోపాటే తలుపులకి డ్యాంపింగ్. ఎలాగూ తొడుగు విప్పుతారు కాబట్టి రెండూ ఒకేసారి చేయిస్తే కూలీ కలిసొస్తుంది.

ఇక మూడోది యాంప్లిఫయర్. సౌండు పెంచినప్పుడు గొంతు బరబరమంటే స్టీరియో శక్తి చాలట్లేదని అర్థం. శక్తి చాలని స్టీరియోని బలవంతంగా పెంచితే ధ్వని తరంగం పైభాగం కత్తిరించినట్టయిపోతుంది. దాన్నే 'క్లిప్పింగ్' అంటారు. చాలాసార్లు ట్వీటర్లు కాలిపోయేది దీనివల్లే. అలాంటప్పుడు ఒక్కో స్పీకరుకి 50 వాట్లు ఆర్ఎంఎస్ ఇచ్చే నాలుగు చానళ్ల యాంప్లిఫయర్ ఓ కుటుంబం కారుకి ధారాళంగా సరిపోతుంది. దానిమీద 'గెయిన్' అని ఉండే మర సౌండు పెంచడానికి కాదు, స్టీరియోకీ యాంప్లిఫయర్‌కీ జత కుదర్చడానికి. దాన్ని చివరిదాకా తిప్పేసే మెకానిక్ దొరికితే మర్యాదగా కారు వెనక్కి తీసుకొచ్చేయండి.

చిట్టచివర... సబ్‌ఊఫర్. షాపులో మొట్టమొదట చూపించేది, మనం ఆఖరున కొనాల్సింది ఇదే! మనిషి చెవికి వినిపించేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. అందులో 80కి కింద ఉన్న గంభీరమైన శబ్దాలు సబ్‌ఊఫర్ పని. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు... అంటే మన కారు కన్నా పొడవు! అందుకే అది ఎక్కడ్నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. డిక్కీలో పెట్టినా, సీటు కింద పెట్టినా ఒకటే. కాబట్టి పండక్కి ఊరెళ్లేటప్పుడు సామాన్లకి డిక్కీ కావాలనుకునే ఇంటికి సీటు కింద ఇమిడే పల్చటి సబ్‌ఊఫరే మేలు. దాంట్లో యాంప్లిఫయర్ కూడా కలిసే ఉంటుంది. పెద్దపెట్టెలే కావాలంటే, మూసిన పెట్టెది బిగువైన బేసు, రంధ్రమున్న పెట్టెది మోత ఎక్కువ. మృదంగం, తబలా ఇష్టపడేవాళ్లకి మూసిన పెట్టె నప్పుతుంది.

ఖర్చంటారా? కంపెనీని బట్టి, ఊరిని బట్టి మారుతుందిగానీ మామూలు రకం కోయాక్సియల్ జత రెండు మూడు వేల నుంచి దొరుకుతుంది. కాస్త మంచి కాంపొనెంట్ జతకి అయిదారు వేల నుంచి పదిహేను వేలు, యాంప్లిఫయర్‌కీ సీటు కింది సబ్‌ఊఫర్‌కీ ఒక్కోదానికి పదివేలు అటూఇటూ అనుకోవచ్చు. అన్నీ ఒక్కసారే కొనక్కర్లేదు. ఒక్కో మెట్టు ఎక్కి, నెలరోజులు విని చూడండి. చాలామంది మొదటి రెండు మెట్ల దగ్గరే 'ఇది చాల్లే' అని ఆగిపోతారు.

తెర మార్చలేకపోతే...

ఒకప్పుడు స్టీరియో మార్చడం నిమిషాల పని. డ్యాష్‌బోర్డులోని ఆ అరకి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు అని జర్మనీ ప్రమాణాల సంస్థ 'డిన్' కొలత పెట్టింది. ఏ కంపెనీ స్టీరియో అయినా అందులో పట్టేసేది. 'సింగిల్ డిన్', దానికి రెట్టింపు ఎత్తుంటే 'డబుల్ డిన్' అన్న పేర్లు అలా వచ్చినవే. ఇప్పుడొస్తున్న చాలా కార్లలో తెర డ్యాష్‌బోర్డులో భాగమైపోయింది. ఏసీ, రివర్స్ కెమెరా, కారు సెట్టింగులు అన్నీ దాంతోనే ముడిపడి ఉంటాయి. దాన్ని పీకితే మిగతావి పనిచేయకపోవచ్చు.

అలాంటి కార్లకి 'డీఎస్పీ' ఉన్న యాంప్లిఫయర్ మంచి దారి. కంపెనీ తెరని కదిలించకుండా, దానికి సంబంధించిన స్పీకరు తీగల నుంచే ఇది ధ్వనిని తీసుకుని సరిదిద్ది స్పీకర్లకి పంపిస్తుంది. దీంతో మరో లాభమూ ఉంది. మన దేశంలో డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకరు దగ్గర, ఎడమది దూరం. శబ్దం సెకనులో వెయ్యోవంతు సమయానికి దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. రెండు స్పీకర్ల దూరాల్లో అరమీటరు తేడా ఉంటే కుడివైపు శబ్దం ముందే వచ్చేసి, గాయకుడు కుడి తలుపులో ఇరుక్కుని పాడుతున్నట్టుంటుంది. డీఎస్పీ ఆ కుడి స్పీకరుని సెకనులో వెయ్యోవంతో రెండువంతులో ఆలస్యంగా మోగిస్తుంది. అంతే, గాయకుడు వచ్చి డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడతాడు!

తీగతో జాగ్రత్త

ఇదంతా ఒకెత్తు, తీగలు లాగడం మరొకెత్తు. పాట బాగుండకపోతే పోయేది డబ్బే. తీగ సరిగా లేకపోతే కారే పోతుంది.

200 వాట్లు ఆర్ఎంఎస్ ఇచ్చే యాంప్లిఫయర్ పూర్తిగా పనిచేస్తే రకాన్ని బట్టి 20 నుంచి 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి రాగి తీగ లాగాలి. ఆ తీగకి ఫ్యూజు తప్పనిసరి. అదీ యాంప్లిఫయర్ దగ్గర కాదు, బ్యాటరీకి దగ్గరగా... దాదాపు అడుగున్నర లోపే ఉండాలి. తీగ ఎక్కడైనా రేకుకి ఒరుసుకుని పొర చిట్లితే, ఫ్యూజు లేని తీగ నిప్పుకడ్డీలా మారుతుంది. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు వాషరు ఉండాలన్నది అందుకే. చవక తీగల్లో రాగి పూత పూసిన అల్యూమినియం కూడా ఉంటుంది. అదే మందానికి అది తక్కువ కరెంటునే మోయగలదు. 'పూర్తి రాగి తీగేనా?' అని అడగండి.

రెండో సంగతి, తీగలు కోయనివ్వకండి. చాలా కార్లకి కోయకుండానే తగిలించుకునే 'కప్లర్లు' దొరుకుతాయి. కంపెనీ తీగలు కోస్తే ఆ విద్యుత్ భాగాలకి వారంటీ వర్తించదనే అవకాశం ఎక్కువ. కప్లరు వాడితే కారు అమ్మేటప్పుడు పాత స్పీకర్లు యథాతథంగా బిగించి, కొత్తవి మీ తరవాతి కారుకి తీసుకెళ్లొచ్చు కూడా.

మూడోది ఎయిర్‌బ్యాగులు. ముందు అద్దం పక్క స్తంభాల మీద 'ఎయిర్‌బ్యాగ్' అని రాసుంటే అక్కడ ట్వీటరు పెట్టించొద్దు. ప్రమాదంలో బ్యాగు విచ్చుకోవడానికి అది అడ్డమవుతుంది, లేదా ఊడొచ్చి ముఖానికి తగులుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో నారింజరంగు తీగలు కనిపిస్తే వాటి జోలికే వెళ్లకూడదు. అవి ప్రాణాలు తీసేంత వోల్టేజీవి.

చెవుల మాటేంటి?

కారు చిన్న గది. అద్దాలు బిగించాక శబ్దానికి బయటికి పోయే దారి తక్కువ. మంచి సిస్టమ్‌తో వచ్చే చిక్కు ఏంటంటే, స్పష్టంగా ఉండటంతో శబ్దం ఎక్కువైనా మనకి తెలియదు. పాత స్పీకరు గరగరమంటూ 'చాలు' అని హెచ్చరించేది, కొత్తది హెచ్చరించదు!

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలకి మించి వినకూడదు. అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే గంట, 100 అయితే పావుగంటే. ఇది పెద్దవాళ్ల లెక్క. వెనక సీట్లో, స్పీకరు పక్కనే తల ఆనించి నిద్రపోయే పిల్లల సంగతి ఆలోచించండి. లోపలి చెవిలో ధ్వనిని పసిగట్టే సన్నటి రోమకణాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ పుట్టవు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌లుంటాయి. మరీ కచ్చితంగా చెప్పకపోయినా అంచనాకి పనికొస్తాయి. పిల్లలు కూర్చునే చోట పెట్టి ఓసారి చూడండి. 75 దగ్గర ఆగితే మంచిది.

ముందు సీట్లో వాళ్లు గొంతు పెంచకుండా వెనకవాళ్లతో మాట్లాడగలిగితే సౌండు సరిగ్గా ఉన్నట్టు. వెనక అంబులెన్స్ సైరన్ వినపడకపోతే... ఎక్కువైనట్టు. ఆ అంబులెన్స్‌లో ఉన్నవాళ్లకి ఒక్కో నిమిషం ఎంత విలువైందో చెప్పక్కర్లేదు.

బయటివాళ్ల చెవులూ ముఖ్యమే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. అద్దాలు దించి వీధంతా వినిపించాలనుకునే కుర్రాళ్లకి ఈ అంకెలు చూపించండి.

షాపులో అడగాల్సినవి

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ అయినా, మీ ఊళ్లో బస్టాండు పక్క షాపయినా ఈ ప్రశ్నలు మర్చిపోకండి.

* ఆర్ఎంఎస్ ఎంత? సెన్సిటివిటీ ఎంత?

* నా కారుకి కప్లరు ఉందా? తలుపు రేకు కోయాల్సి వస్తుందా?

* ఫ్యూజు ఎక్కడ పెడతారు? తీగ రాగిదేనా?

* బిల్లు, వారంటీ కార్డు ఇస్తారా? పేరున్న బ్రాండ్లకి నకిలీలు ఎక్కువ, జాగ్రత్త.

* బిగించాక తలుపు తొడుగు క్లిప్పులన్నీ కొత్తవి వేస్తారా? ఒక్క క్లిప్పు ఊడినా మళ్లీ జిర్రుమనే చప్పుడే.

పెద్ద మొత్తం పెడితే కారు బీమా కంపెనీకి చెప్పడం మర్చిపోవద్దు. కంపెనీతో రాని ఎలక్ట్రానిక్ పరికరాలకి విడిగా కొంత ప్రీమియం కడితేనే సాధారణంగా పరిహారం వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది... మీకు బాగా తెలిసిన పాటలు పట్టుకెళ్లండి. షాపువాళ్లు వినిపించే 'డెమో' పాటలో ఏ స్పీకరైనా అదరగొట్టేస్తుంది. ఘంటసాల పద్యం పెట్టి ప్రతి అక్షరం తెలుస్తోందో లేదో వినండి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం పెట్టి గొంతు ముక్కుతో పాడినట్టు మారుతోందేమో చూడండి. ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఒక్కో మీటూ విడిగా వినిపించాలి, ముద్దగా గుంజినట్టు ఉండకూడదు. మీవాళ్లనీ వెంట తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. తీర్పు చెప్పాల్సింది వాళ్లే. వాళ్లు 'మాట స్పష్టంగా ఉంది' అన్నారంటే ఆ స్పీకరు కొనేయొచ్చు. 'అబ్బో, భలే మోగుతోంది' అన్నారంటే... మరో జత చూపించమని అడగండి!